పసిబిడ్డ ఒంటిమీద ఎర్రచుక్కలు

నెలలు నిండి, మంచి బరువుతో, గట్టిగా ఏడుస్తూ పుట్టిన బిడ్డ. తల్లికి ఏ జబ్బూ లేదు. కాన్పు సుఖంగానే జరిగింది. మరునాడు చూస్తే బిడ్డ రొమ్ముమీద, పొట్టమీద, తొడలమీద దోమలు కుట్టినట్లు ఎర్రటి చుక్కలు. సూది గుచ్చినచోట చర్మం నల్లగా కందిపోయి ఉంది. ఇంట్లో తలా ఒక మాట అంటారు. చీమలు కుట్టాయని ఒకరు, వేడి చేసిందని ఒకరు, దిష్టి తగిలిందని మరొకరు. తల్లి తినరానిదేదో తిన్నదని నింద వేసేవారూ ఉంటారు.

పసిబిడ్డల ఒంటిమీద కనిపించే మచ్చల్లో చాలావాటివల్ల ఏ హానీ ఉండదు. పిరుదులమీద, నడుముమీద పుట్టుకతో ఉండే నీలిమచ్చలు మన బిడ్డల్లో సర్వసాధారణం. రెండో రోజునో మూడో రోజునో వచ్చే ఎర్రని దద్దుర్లు కూడా వాటంతట అవే పోతాయి. కాని వేలితో నొక్కినా రంగు మారని ఎర్రచుక్కలు వేరు. అవి చర్మం లోపల రక్తం చిమ్మడం వల్ల ఏర్పడిన చుక్కలు. బిడ్డ రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గాయేమో వెంటనే చూడమని అవి చెబుతున్నాయన్నమాట.

ప్లేట్‌లెట్లు ఏం చేస్తాయి?

రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు కాక ప్లేట్‌లెట్లు అనే అతి చిన్న కణాలుంటాయి. పాఠ్యపుస్తకాల్లో వీటిని రక్తఫలకికలు అంటారు. కాలువకు గండి పడితే ఇసుక బస్తాలు వేసి పూడ్చినట్లు, రక్తనాళానికి ఎక్కడ చిల్లు పడినా ఇవి అక్కడ గుమిగూడి, ఒకదానికొకటి అతుక్కుని, రక్తం కారకుండా ఆపుతాయి. పెద్దవారికైనా, అప్పుడే పుట్టిన బిడ్డకైనా ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి 1,50,000 నుంచి 4,00,000 వరకు ఉండాలి. 50,000 కంటే తగ్గితే తీవ్రమైన లోపంగా భావిస్తాం. ఇంకా తగ్గినకొద్దీ ఏ దెబ్బా తగలకుండానే రక్తస్రావం కావచ్చు. అది చర్మంలో అయితే చుక్కలతో పోతుంది. మెదడులో అయితే బిడ్డ ప్రాణానికే ముప్పు. బతికినా ఫిట్సు, చూపు లోపం, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడం వంటి అవకరాలు జీవితాంతం మిగలవచ్చు.

పుట్టిన బిడ్డకు ప్లేట్‌లెట్లు తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి. రక్తంలో చీము చేరడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, కడుపులో సరిగా ఎదగకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం వాటిలో కొన్ని. కాన్పు ముందు తల్లికి డెంగీ జ్వరం వస్తే అది బిడ్డకూ సోకవచ్చు. ఈ కారణాలేవీ లేకుండా, చూడటానికి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే ఒక ప్రత్యేకమైన జబ్బును అనుమానించాలి. తల్లి రక్తంలోని యాంటీబాడీలు బిడ్డ ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు అది.

తల్లి రక్షణే బిడ్డకు ముప్పు

బిడ్డకు సగం పోలికలు తల్లినుంచి, సగం తండ్రినుంచి వస్తాయి. ముక్కు, రంగు మాత్రమే కాదు, రక్తకణాల మీద ఉండే గుర్తులు కూడా అలాగే వస్తాయి. ప్లేట్‌లెట్ల మీద తండ్రికి ఉన్న ఒక గుర్తు తల్లికి లేదనుకోండి. బిడ్డకు తండ్రి గుర్తు వస్తే, తల్లి శరీరం దాన్ని పరాయిదిగా ఎంచి, దానిమీద యాంటీబాడీలను తయారుచేయవచ్చు. మామూలుగా తల్లి యాంటీబాడీలు మావిగుండా బిడ్డలోకి వెళ్ళి, పుట్టిన తరువాత కొన్ని నెలలపాటు జబ్బులనుంచి కాపాడతాయి. ప్రకృతి చేసిన ఆ మేలైన ఏర్పాటే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. అదే దారిలో వెళ్ళిన ఈ యాంటీబాడీలు బిడ్డ ప్లేట్‌లెట్లను పట్టి నాశనం చేస్తాయి. తల్లి ప్లేట్‌లెట్ల మీద ఆ గుర్తు లేదు కనుక ఆమెకు ఏమీ కాదు. ఆమె కౌంటు చక్కగా ఉంటుంది.

రక్తంలోని ఒక పదార్థం ప్లేట్‌లెట్లను నాశనం చేయగలదని తేలిన కథ ఆసక్తికరమైనది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో హారింగ్‌టన్ అనే యువ వైద్యుడు, ప్లేట్‌లెట్లు తగ్గిన రోగి రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు. కొద్ది గంటల్లో ఆయన ప్లేట్‌లెట్లు అడుగంటాయి, ఫిట్సు కూడా వచ్చింది. అదృష్టవశాత్తు కొద్ది రోజుల్లో కోలుకున్నాడు. తరువాత 1959లో హాలెండులో వాన్ లోఘెమ్ బృందం ప్లేట్‌లెట్ల మీది గుర్తులలో ముఖ్యమైనదాన్ని కనుగొన్నది. దాన్ని నేడు హెచ్‌పిఏ-1ఏ అంటున్నాం. ఐరోపా సంతతి స్త్రీలలో నూటికి ఇద్దరికి ఈ గుర్తు ఉండదు. ఆ ఇద్దరిలోనూ అందరికీ యాంటీబాడీలు తయారు కావు. అక్కడి లెక్కల ప్రకారం సుమారు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. జాతినిబట్టి ఈ గుర్తులు మారుతుంటాయి. ఉదాహరణకు జపానులో హెచ్‌పిఏ-4బి అనే వేరొక గుర్తు ముఖ్యమైనది. కనుక ఒక్క గుర్తును మాత్రమే పరీక్షించి ‘ఈ జబ్బు కాదు’ అని తీర్మానించకూడదు.

ఆర్‌హెచ్ తేడాకూ దీనికీ పోలిక

తల్లిది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే వచ్చే జబ్బు గురించి చాలామంది విని ఉంటారు. ఇదీ ఆ కోవకు చెందినదే. కాని మూడు ముఖ్యమైన తేడాలున్నాయి. ఆర్‌హెచ్ జబ్బులో మొదటి బిడ్డ సాధారణంగా తప్పించుకుంటుంది. ఇందులో మొదటి బిడ్డే దెబ్బ తినవచ్చు. ఆర్‌హెచ్ గ్రూపును ప్రతి గర్భిణికీ పరీక్షిస్తాం. ప్లేట్‌లెట్ల గుర్తులను మామూలుగా పరీక్షించరు. ఆర్‌హెచ్ జబ్బును రానివ్వకుండా యాంటీ-డి ఇంజక్షను ఉంది. దీనికి అలాంటి ఇంజక్షను ఇంకా వాడుకలోకి రాలేదు. అందువల్ల మొదటి బిడ్డ విషయంలో ఈ జబ్బు సాధారణంగా చెప్పాపెట్టకుండా వస్తుంది. రెండవ బిడ్డను మాత్రం మనం ముందుగానే కాపాడుకోవచ్చు. ఈ వ్యాసం రాయడంలో ముఖ్యోద్దేశం అదే.

ఎప్పుడు అనుమానించాలి?

నొక్కినా మాయని ఎర్రచుక్కలు, కారణం లేకుండా కందిన మచ్చలు, బొడ్డునుంచి గాని సూది గుచ్చినచోటునుంచి గాని ఆగకుండా రక్తం కారడం, మలంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. మెడకు పేగు చుట్టుకున్నప్పుడు గాని, తల ఇరుక్కుని కష్టమైన కాన్పు అయినప్పుడు గాని ముఖంమీద మాత్రమే చుక్కలు రావచ్చు. అవి కొత్తవి పుట్టకుండా రెండు మూడు రోజుల్లో మాసిపోతాయి. ఒంటినిండా వచ్చినా, గంట గంటకూ పెరుగుతున్నా అలా సరిపెట్టుకోకూడదు.

బిడ్డ పాలు తాగడం మానివేసినా, మందకొడిగా పడి ఉన్నా, పాలిపోయినా, ఊపిరి మధ్యమధ్య ఆగుతున్నా, ఫిట్సు వచ్చినా, మాడు ఉబ్బెత్తుగా ఉన్నా మెదడులో రక్తస్రావం జరిగిందేమోనని శంకించాలి. అప్పుడు ఒక్క గంట కూడా వృథా చేయకుండా పసిపిల్లల వార్డు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

కొందరు బిడ్డలకు పుట్టకముందే, తల్లి కడుపులోనే తలలో రక్తస్రావం జరుగుతుంది. స్కానింగులో బిడ్డ తలలో రక్తపు గడ్డ గాని నీరు గాని కనిపించినప్పుడు ఈ జబ్బును కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

పరీక్షలు

మొదట చేయవలసింది ప్లేట్‌లెట్ల లెక్క. మడమ గుచ్చి తీసిన రక్తం గొట్టంలోనే గడ్డకట్టి, కౌంటు తప్పుగా తక్కువ చూపించవచ్చు. అందుకే తక్కువ వస్తే సిరనుంచి మళ్ళీ రక్తం తీసి నిర్ధారించుకుంటాం. వెంటనే తల్లి కౌంటు కూడా చూడాలి. తల్లి కౌంటు సరిగా ఉండి, బిడ్డ కౌంటు బాగా పడిపోయి ఉంటే అనుమానం బలపడుతుంది. బిడ్డ మాడుమీదుగా మెదడుకు అల్ట్రాసౌండు స్కానింగు చేయాలి. దీనివల్ల బిడ్డకు నొప్పి గాని హాని గాని లేదు.

తరువాత తల్లిదండ్రులిద్దరి రక్తమూ పరీక్షకు పంపాలి. తల్లి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా, ఇద్దరి ప్లేట్‌లెట్ల గుర్తులు ఏమిటి అన్నది చూస్తారు. ఈ పరీక్ష దేశంలో కొన్ని పెద్ద కేంద్రాలలోనే జరుగుతుంది. ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఫలితం కోసం వైద్యం ఆపకూడదు. ‘జబ్బు బిడ్డది, నా రక్తం ఎందుకు?’ అని కొందరు తండ్రులు వెనుకాడతారు. తండ్రి రక్తం ఇవ్వకపోతే ఈ పరీక్ష సగంలో ఆగినట్లే.

పుట్టిన బిడ్డకు వైద్యం

కౌంటు బాగా తక్కువగా ఉంటే, సాధారణంగా 30,000 లోపు ఉంటే, రక్తస్రావం లేకపోయినా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. రక్తస్రావం ఉంటే అంతకంటే ఎక్కువ కౌంటులోనే ఎక్కిస్తారు. తల్లికి లేని ఆ గుర్తు లేని దాత దొరికితే అంతకంటే మంచిది లేదు. అలాంటి దాత అందుబాటులో లేనప్పుడు బ్లడ్‌బ్యాంకులో ఉన్న మామూలు ప్లేట్‌లెట్లనే వెంటనే ఎక్కించాలి. వీటివల్ల కూడా చాలామంది బిడ్డలకు తాత్కాలికంగా గండం గడుస్తుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ఆపదలో మొదట ముందుకు వచ్చేది తండ్రే. ‘నా రక్తం తీసుకోండి’ అంటాడు. కాని తల్లి యాంటీబాడీలు నాశనం చేస్తున్నది తండ్రి గుర్తునే. కనుక ఈ జబ్బులో తండ్రి ప్లేట్‌లెట్లు పనికిరావు. తల్లి ప్లేట్‌లెట్లు మాత్రం నిక్షేపంగా పనికి వస్తాయి. వాటిలో ఉన్న యాంటీబాడీలు పోయేలా శుభ్రంగా కడిగి, రేడియేషను ఇచ్చి బిడ్డకు ఎక్కించవచ్చు.

దీనితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందును సిరలోకి ఇస్తారు. ఇది పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. తల్లినుంచి వచ్చిన యాంటీబాడీలు క్రమంగా హరించుకుపోతాయి. చాలామంది బిడ్డలకు రెండు నుంచి నాలుగు వారాల్లో కౌంటు తనంతట తానే సరిపడుతుంది. తలలో రక్తస్రావం జరగకపోతే బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. మళ్ళీ ఈ జబ్బు ఆ బిడ్డకు రాదు.

రెండవ కాన్పులో జాగ్రత్త

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న పట్టణంనుంచి నాలుగో నెల గర్భిణి ఒకామె అత్తగారితో కలిసి మా ఓ.పి.కి వచ్చింది. మొదటి కాన్పు గురించి అడిగాను. ‘బాబండీ, రెండో రోజు ఒళ్ళంతా చుక్కలొచ్చాయి. గాజు పెట్టెలో పెట్టి, రక్తం ఎక్కించారు, తగ్గింది’ అన్నది. అంతకు మించి ఆమెకు తెలియదు. అత్తగారు మాత్రం సంచిలోనుంచి, రేషను కార్డుతోపాటు మడతపెట్టి దాచిన డిశ్చార్జి కాగితం తీసింది. ‘ఎందుకైనా పనికొస్తుందని దాచానండీ’ అన్నది. బాబు కౌంటు 16,000 అనీ, తల్లిది 2,20,000 అనీ, రక్తంలో చీము లేదనీ అందులో ఉంది. ఆ మూడు ముక్కలే మాకు దారి చూపాయి. భర్తను పిలిపించి ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపాం. అనుమానం నిజమైంది. వారం వారం మందు ఇచ్చాం. నెలలు నిండాక పాప పుట్టింది. కౌంటు 82,000. ఒంటిమీద ఒక్క చుక్క లేదు. ఆ కాగితం పారవేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

మొదటి బిడ్డకు ఈ జబ్బు వచ్చి, తండ్రికి ఆ గుర్తు రెండు వైపులనుంచీ వచ్చి ఉంటే ప్రతి బిడ్డకూ ఆ గుర్తు వస్తుంది. ఒక వైపునుంచి మాత్రమే వచ్చి ఉంటే సగం మందికి రావచ్చు. గుర్తు వచ్చిన బిడ్డకు జబ్బు మొదటి బిడ్డకు వచ్చినంతగా, ఒక్కొక్కసారి అంతకంటే తీవ్రంగా వస్తుంది. అందుకే మళ్ళీ గర్భం రాకముందే ఈ వివరాలు తెలుసుకుని ఉంటే మంచిది. కనీసం నెల తప్పగానే డాక్టరుకు చెప్పాలి.

1988లో న్యూయార్కు వైద్యుడు బుసెల్, ఆయన సహచరులు గర్భిణికే ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చి కడుపులోని బిడ్డ ప్లేట్‌లెట్లను కాపాడవచ్చునని ప్రకటించారు. నేటికీ వైద్యానికి అదే పునాది. తల్లి బరువులో కిలోకు అర గ్రాము నుంచి ఒక గ్రాము వంతున, వారానికొకసారి సిరలోకి ఇస్తారు. అవసరాన్నిబట్టి ప్రెడ్నిసొలోన్ మాత్రలు కూడా కలుపుతారు. మొదటి బిడ్డకు తలలో రక్తస్రావం జరిగి ఉంటే నాలుగో నెల లోపుగానే మొదలుపెట్టాలి. లేకపోతే అయిదో నెల ప్రాంతంలో మొదలుపెడతారు. కడుపులోని బిడ్డ బొడ్డుతాడునుంచి రక్తం తీసి కౌంటు చూసే పద్ధతి ఒకప్పుడు ఎక్కువగా ఉండేది. దానివల్లనే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉన్నందున ఇప్పుడు బాగా తగ్గించారు.

ఈ మందు ఖరీదైనదని దాచిపెట్టడం మంచిది కాదు. 60 కిలోల తల్లికి కిలోకు గ్రాము చొప్పున వారానికి 60 గ్రాములు కావాలి. సామాన్య కుటుంబానికి అది భరించలేని భారం. అందువల్లనే మొదటి నెలల్లోనే పెద్ద ప్రభుత్వాసుపత్రిని సంప్రదించి, మందు సంగతి, ఖర్చు సంగతి మాట్లాడుకోవాలి. ఎనిమిదో నెలలో పరుగెత్తుకు వస్తే డబ్బున్నా సమయం ఉండదు.

కాన్పు ఇంట్లోగాని చిన్న నర్సింగు హోములోగాని జరగకూడదు. ప్లేట్‌లెట్లు సిద్ధంగా ఉన్నచోట, పిల్లల డాక్టరు దగ్గరుండగా, ముందుగా నిర్ణయించిన రోజున జరగాలి. చాలా సందర్భాలలో ఆపరేషను చేస్తారు. వాక్యూముతో లాగడం, ఫోర్సెప్స్ వేయడం పనికిరావు.

తల్లికే ప్లేట్‌లెట్లు తక్కువైతే?

ఇది వేరే జబ్బు. గర్భిణులలో నూటికి అయిదునుంచి పదిమందికి చివరి నెలల్లో కౌంటు కొద్దిగా తగ్గుతుంది. సాధారణంగా లక్షకు పైనే ఉంటుంది. దీనివల్ల తల్లికిగాని బిడ్డకుగాని ప్రమాదం లేదు. కాన్పు తరువాత సరిపోతుంది. రక్తపోటు పెరిగి కౌంటు తగ్గితే మాత్రం వెంటనే ఆసుపత్రిలో చేరాలి.

కొందరు స్త్రీలకు వారి యాంటీబాడీలే వారి ప్లేట్‌లెట్లను నాశనం చేస్తాయి. దీన్ని ఐటిపి అంటారు. ఈ యాంటీబాడీలు కూడా బిడ్డలోకి వెళతాయి. కాని బిడ్డకు హాని తక్కువ. సుమారు పదిమందిలో ఒక బిడ్డకు మాత్రమే కౌంటు 50,000 లోపుకు పడిపోతుంది. తలలో రక్తస్రావం నూటికి ఒకరికి కూడా జరగదు. అందుచేత ఐటిపి ఉన్నంత మాత్రాన ఆపరేషను అక్కరలేదు. అయితే పుట్టిన తరువాత రెండో రోజుకూ అయిదో రోజుకూ మధ్య బిడ్డ కౌంటు ఇంకా తగ్గుతుంది. పుట్టినరోజు బాగుందని ఇంటికి వెళ్ళిపోకండి. ఎప్పుడో చిన్నతనంలో ఐటిపికి ప్లీహం తీయించుకుని, ఇప్పుడు కౌంటు బాగున్న తల్లికి కూడా యాంటీబాడీలు ఉండవచ్చు. ఆ పాత ఆపరేషను సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇంట్లో జాగ్రత్తలు

కౌంటు సరిపడేదాకా బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు తల ఒత్తడం, ముక్కు సాగదీయడం, కాళ్ళూ చేతులూ గుంజడం మానండి. చెవులు కుట్టించడం వాయిదా వేయండి. చురకలు పెట్టించడం ఎవరికీ, ఎప్పుడూ తగదు. టీకాలు ఎప్పుడు వేయించాలో, విటమిన్-కె ఎలా ఇవ్వాలో డాక్టరును అడిగి చేయండి. వాటిని సొంతంగా మానవద్దు. డెంగీకి వాడుతున్నారని విని బొప్పాయి ఆకు రసం పసిబిడ్డకు గాని గర్భిణికి గాని పట్టవద్దు. తల్లి సొంతంగా నొప్పి మాత్రలు మింగకూడదు.

కొన్ని సందేహాలు

మాది మేనరికం. అందువల్ల వచ్చిందా?
కాదు. భార్యాభర్తల ప్లేట్‌లెట్ల గుర్తులలో తేడా ఉన్నప్పుడే ఈ జబ్బు వస్తుంది. రక్తసంబంధం ఇందుకు కారణం కాదు.

మా ఇద్దరి బ్లడ్‌గ్రూపు ఒకటే. అయినా వస్తుందా?
వస్తుంది. ఏ, బి, ఓ గ్రూపులు వేరు, ప్లేట్‌లెట్ల గుర్తులు వేరు. మామూలు గ్రూపు పరీక్షలో ఇవి తెలియవు.

తల్లి పాలు ఇవ్వవచ్చునా?
నిరభ్యంతరంగా ఇవ్వాలి. ఈ రెండు జబ్బుల్లోనూ తల్లి పాలు మానవలసిన అవసరం లేదు.

ఇక పిల్లలు వద్దనుకోవాలా?
అక్కరలేదు. ముందుగా తెలిస్తే ఎక్కువమంది బిడ్డలు క్షేమంగా పుడుతున్నారు.

ఈ జబ్బు తల్లి తిన్న తిండివల్ల, చూసిన గ్రహణంవల్ల, చేసిన పనివల్ల వచ్చింది కాదు. అది ఎవరి దోషమూ కాదు. కనుక పుట్టింటివారూ అత్తింటివారూ ఆమెను దెప్పడం మాని, బిడ్డ డిశ్చార్జి కాగితాన్ని భద్రంగా దాచండి. బిడ్డ కౌంటు, తల్లి కౌంటు, తలకు తీసిన స్కానింగు ఫలితం అందులో ఉన్నాయో లేదో ఇంటికి వెళ్ళేముందే చూసుకుని, లేకపోతే అడిగి రాయించుకోండి. తిరిగి నెల తప్పినప్పుడు మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళేరోజునే, భార్యాభర్తలిద్దరూ ఆ కాగితం పట్టుకుని వెళ్ళండి.